చివరి గడి

ఎలిజబెత్‌టౌన్‌లో నవంబరు వాన.
పార్కింగులో నా కారొక్కటే తడుస్తోంది.

తొమ్మిది వందల పన్నెండు మంది ఆఫీసర్లు,
తొమ్మిది వందల ఎనభై కొలువులు.
ఏ ఊరు కావాలో వీళ్లు వరస రాశారు,
ఏ మనిషి కావాలో పటాలాలు వరస రాశాయి.
మధ్యలో నేను.

"ఈ పనిని మీ భాషలో ఏమంటారు?"
పక్క సీటు ఆర్లిస్ అడిగాడు.
పెళ్లిళ్ల పేరయ్య, అన్నాను.
నవ్వలేదు. స్పెల్లింగు అడిగి రాసుకున్నాడు.

పద్ధతి తేలికే.
అందరూ ముందు తమ మొదటి తలుపు తడతారు.
లోపలివాళ్లు "ఉండు" అంటారు, "సరే" అనరు.
ఇంకా నచ్చినవాడొస్తే
ఉండమన్నవాణ్ణే పొమ్మంటారు.
పొమ్మన్నవాడు రెండో తలుపుకి,
అక్కడా కాదంటే మూడోదానికి,
తట్టేవాళ్లు ఇక లేరనేదాకా.
పదకొండు సెకన్లు పడుతుంది.

చివరికి మిగిలేదాన్ని నిలకడ అంటాం.
అందరూ సుఖంగా ఉన్నారని కాదు,
ఏ ఇద్దరూ చేతులు కలిపి
గోడ దూకలేరని.

జంటలొస్తేనే లెక్క మొండికేస్తుంది.
కెప్టెన్ మార్లిస్ టిండాల్, ఆమె మొగుడు మేజర్ కార్విన్.
ఆయన్ని అలాస్కా రమ్మంది, ఆమెను జార్జియా.
ఇద్దర్నీ ఒక రాటకు కడితే
ఇంకెక్కడో ముడి ఊడుతుంది.
కొన్నిసార్లు నిలకడ అనేదే దొరకదని
రుజువు కూడా ఉంది.
అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఫారం అడుగున ఒక గడి ఉంటుంది:
ఇంకేమైనా చెప్పాలా?
ప్రోగ్రాము దాన్ని చదవదు.
నేను చదువుతాను, ఇలా అందరూ వెళ్లాక.

"చేపలు పడే చోటు ఏదైనా."
"మా నాన్న పనిచేసిన కోట తప్ప ఏదైనా."
కెప్టెన్ ఓడెట్ లాంబ్రెక్ట్ రాసింది:
"మా పిల్ల చెవి మిషను సరిచేసే ఆవిడ
శాన్ ఆంటోనియోలో ఉంది.
పిల్ల ఆవిడతోనే మాట్లాడుతుంది."

శాన్ ఆంటోనియో వాళ్ల వరసలో
ఓడెట్‌ది నలభై ఒకటో స్థానం.

ఇంటి అవసరానికి ఒక బరువుంది నా దగ్గర,
సున్నా పాయింటు ఐదు.
ఏడు చేశాను.
ఓడెట్ శాన్ ఆంటోనియోలో దిగింది.
దిగీ దిగగానే గొలుసు లాగినట్టు
పదిహేడు మంది కదిలారు.
చేపలాయన ఎడారికి.
వాళ్ల నాన్న కోట వద్దన్నవాడు
సరిగ్గా ఆ కోటకే.
టిండాల్ దంపతుల మధ్య మళ్లీ ఒక దేశమంత దేశం.
పదిహేడోవాడు కెప్టెన్ ఐవర్ సోల్‌బర్గ్.
మూడో కోరిక నుంచి పంతొమ్మిదికి జారాడు.
అతని గడి ఖాళీ.

ఏమీ అడగనివాడికి ఏమీ అక్కర్లేదా,
అడగడం రాదా,
అడిగి అడిగి మానేశాడా?

ఐదుకి తిప్పాను. మళ్లీ ఏడు.
ఆరు చేసి చూశాను,
ఆరు ఎవరికీ పనికిరాలేదు.

తెల్లారి, ఐదు ఐదుగానే ఉంచి
శాన్ ఆంటోనియోకి ఫోను చేశాను.
మీ నలభై ఒకటిని ఇంకొక్కసారి చదవండి, అన్నాను.
వరస మార్చే హక్కు వాళ్లది.
ఫోను చేసే హక్కు ఎవరిదో
ఏ రూలులోనూ లేదు.

చదివారు. తొమ్మిదికి తెచ్చారు.
పదకొండు సెకన్లు.
తొమ్మిది చాలలేదు.

జూన్‌లో సామాన్ల లారీలు
ఊరి బయట హైవే మీద బారులు తీరాయి.
ఒకదాని వెనక తాళ్లతో కట్టిన పిల్లల సైకిలు.
ఎవరిదో నాకు తెలిసే వీల్లేదు.
అయినా ఆ లారీని దాటకుండా
ఆరు మైళ్లు వెనకే నడిపాను.

ఈ ఏటి పట్టికలో కొత్త నిలువొకటి చేర్చాను:
దగ్గరి చెవి డాక్టరు, మైళ్లలో.
ఎవరూ చేర్చమనలేదు.
సోల్‌బర్గ్‌కి ఏ నిలువు చేర్చాలో
ఇంకా తేలలేదు.

ఆర్లిస్ కాఫీ పట్టుకుని తెర మీదికి వంగాడు.
"ఇదేంటి, పెలిల్లా పెరయా?"
ఇన్నాళ్లూ ఆ కాగితం దాచుకున్నాడన్నమాట.
ళ్ల పలకడం నేర్పుతూ కూర్చున్నాను,
లెక్క నడుస్తుండగా.